పేరు దాచుకొనుట పాపమా?

ఈ మాసపు ధ్యానభాగము: ఆదికాండము 27:1–40



గడచిన వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి జనులందరు ఇండ్లకు పోయిన తరువాత ఒక యౌవనస్థురాలు గుడి అరుగునొద్ద నిలిచిపోయెను. బిడ్డను చంకనెత్తుకొని పుట్టింటికి వచ్చి అప్పటికి రెండు నెలలు. భర్త త్రాగి కొట్టును. ఆ సంగతి పేటకంతటికి తెలిసినదే. ఆమె నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, పేరు చెప్పకుండా సిమ్ము యాడన్నా దొరుకుతాదా?"

నేను వెంటనే ఉత్తరమియ్యలేకపోతిని. ఆమె చేతిలోని ఫోను నంబరు భర్త పేరుమీద ఉన్నది. అతడు తలచినప్పుడు దానిని ఆపించగలడు. అంగడికి పోయి కార్డు పోయినదని చెప్పి అదే నంబరుకు మరియొక కార్డు తెచ్చుకొనినయెడల, ఆమెకు రావలసిన కబుర్లు అతని చెవినే పడును. క్రొత్త నంబరు తీసికొందమన్నను, పేరిచ్చినచో ఎట్లయినను కనిపెట్టునని ఆమె భయము. సంతలో గొడుగు క్రింద కూర్చుండి సిమ్ములమ్ము పిల్లవాడొకడు, ఐదువందలిచ్చినయెడల ఆధారు అడుగని సిమ్ము ఇచ్చెదననియు, అది ఇదివరకే పని చేయుచున్నదనియు ఆమెతో చెప్పెనట. కొనవచ్చునా, అది పాపమా? ఒక వారము ఓపిక పట్టుమని ఆమెను పంపివేసితిని. ఆ వారమంతయు నా మనస్సు ఈ ప్రశ్నమీదనే ఉండెను.

ముందు చట్టము సంగతి. ఇంగ్లాండులోను అమెరికాలోను రొక్కమిచ్చి, పేరు చెప్పకయే అంగడిలో సిమ్ము కొనుక్కొనవచ్చును. ముందుగా సొమ్ము కట్టి వాడుకొను సిమ్ములకు పేరు చెప్పవలెనని అక్కడి చట్టము అడుగదు. గనుక పేరు చెప్పకపోవుట దానంతటదే దొంగతనము కాదని తెలియుచున్నది. మన దేశములో మాత్రము సిమ్ము తీసికొనువాడు తానెవరో రుజువు చూపి తీరవలెను. 2023 దూరసంచార చట్టము ప్రకారము మోసముచేతగాని, పరుని వేషముచేతగాని సిమ్ము సంపాదించినవానికి మూడు సంవత్సరముల వరకు ఖైదు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఆ భాగము 2024 జూన్ 26 నుండి అమలులోనున్నది. ఇట్లుండగా పేరులేని సిమ్ము మన సంతలో దొరుకుట అసాధ్యము. దొరుకునని ఎవడైన చెప్పినయెడల అది వేరొకరి పేరుగల సిమ్మే. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకే వత్తుము.

అయితే దాచుకొనుట పాపమా? లేఖనములు అట్లు చెప్పుటలేదు. మోషే తల్లి బిడ్డను మూడు నెలలు దాచెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో అది విశ్వాసకార్యముగా లెక్కింపబడినది (11:23). ఎస్తేరు రాజు నగరిలో ప్రవేశించినప్పుడు తన జనమును వంశమును తెలియజేయలేదు. మొర్దెకై వద్దని ఆజ్ఞాపించియుండెను (ఎస్తేరు 2:10). నీకొదేము రాత్రివేళ వచ్చినందుకు ప్రభువు అతనిని గద్దించి పంపివేయలేదు. ప్రభువు తానే ఒకమారు పండుగకు బహిరంగముగా పోక రహస్యముగా వెళ్లెను (యోహాను 7:10). బలవంతుడు వెదకుచుండగా బలహీనుడు దాగుట దేవుడిచ్చిన ఆశ్రయమే. దాచుకొనువాడు దోషియే గనుక దాచుకొనుచున్నాడని చెప్పువారు, ఎన్నడును తరుమబడనివారై యుందురని నా తలంపు.

వ్రేలిముద్ర వేయుమనగానే మన పేదలు వెనుకంజ వేయుటకు కారణము లేకపోలేదు. తెల్లదొరల కాలమున నేరస్థ తెగల చట్టమని యొకటి యుండెను. 1911లో దానిని మరల వ్రాసినప్పుడు, ఆ తెగలవారి వ్రేలిముద్రలు తీయించు అధికారము సర్కారుకు కలిగెను. మనిషి చేసిన తప్పునుబట్టి కాదు, పుట్టిన కులమునుబట్టి! మన రాయలసీమలో తిరుగు ఎరుకలవారును ఆ పట్టికలో చేర్చబడిరి. బాపట్ల ప్రక్కనున్న స్టూవర్టుపురములో వారికి ఏర్పరచిన సెటిల్మెంటును నడిపినది ఎవరనుకొంటిరి? రక్షణ సైన్యమువారు, అనగా మనవంటి క్రైస్తవులే. వారు బడి పెట్టిరి, పని నేర్పిరి, సువార్త చెప్పిరి. హాజరు పట్టీ కూడ వారి చేతిలోనే యుండెను. ఆ చట్టము 1952లో గాని పోలేదు. సంఘము ఒకప్పుడు పేదవాని పేరుకు కావలివాడై నిలిచినదని చెప్పుకొనుటకు సిగ్గుగానున్నను చెప్పుకొనవలెను.

మన మందిరములలో కూర్చుండువారిలో రెండు పేర్లుగలవారు ఎందరు లేరు? బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెటులో మరియొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులపు హోదాను హిందువులకు మాత్రమే ఇచ్చెను; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించిరి; క్రైస్తవులకు లేదు. బిడ్డ చదువునకు భయపడి తండ్రి ఆ రెండవ పేరు వ్రాయించెను. దానినిగూర్చి ఈ పుటలో తీర్పు చెప్పుటకు నేను పూనుకొనను; అది పెద్ద సంగతి, నా మనస్సులోనే ఇంకను తేలలేదు. అయితే పేరు చెప్పుట మనకు తేలికైన పని కాదని మాత్రము ఒప్పుకొందము.

మన పొరుగున బెంగుళూరులో నుండిన విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో, తమ 86వ యేట, ఆధారు విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లిరి. ఆ వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకముగా తీర్పు చెప్పిరి: మనిషి తన సంగతులను తనయొద్ద ఉంచుకొనుట రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కు. తరువాతి యేడు సెప్టెంబరు 26న మరియొక తీర్పు వచ్చెను. ఫోను నంబరును ఆధారుకు ముడివేయుమని బలవంతము చేయుట చెల్లదని అందులో తేల్చిరి. ఇష్టమైనవారు ఆధారు ఇయ్యవచ్చునని 2019లో చట్టము సవరింపబడెను. ఆ పెద్దాయన 2024 అక్టోబరులో 98వ యేట కన్నుమూసిరి. ఆయన పేరెరుగని కూలివాడును ఆ హక్కులో పాలివాడే.

ఇక పేరులేని సిమ్మునొద్దకు తిరిగి వచ్చుచున్నాను. ఆ యౌవనస్థురాలు నన్ను అడుగుటకు ముందటి సంవత్సరమే మా సంఘములోని ఒక అవ్వను వెదకుకొనుచు దూరపట్టణపు పోలీసులు వచ్చిరి. ఆమె పేరుమీదనున్న నంబరునుండి ఎవనికో ఫోను చేసి, మాయమాటలు చెప్పి, బ్యాంకులోని సొమ్ము కాజేసిరట. అవ్వకు ఉన్నది ఒక చిన్న ఫోను. అందులో మనుమనికి ఫోను చేయుట తప్ప వేరేమియు తెలియదు. విచారింపగా తేలినదేమనగా, ఆమె సంతలో సిమ్ము తీసికొనిన దినమున అమ్మువాడు, "వేలు పడలేదవ్వా, ఇంగోసారి పెట్టు" అనెను. ఆమె పెట్టెను. మరల పడలేదనెను. మరల పెట్టెను. ఏల అనుమానింపవలెను? చెనిక్కాయలు ఒలిచి ఒలిచి, రాళ్లు మోసి మోసి ఆమె వ్రేళ్ల గీతలు అరిగిపోయినవి. చౌకధరల దుకాణములోను ఆమె వ్రేలు నాలుగుమార్లకు గాని పడదు. ఈ కరవు సీమలో మనము చేసిన కష్టము మన చేతులనుండి గుర్తును కూడ తుడిచివేయుచున్నది. ఆ అరుగుదలయే ఆ మోసగానికి పెట్టుబడి. ఒక్కొక్క వ్రేలిముద్రకు ఒక్కొక్క సిమ్ము పుట్టెను.

ఇది మా పల్లెలోని వింత మాత్రమే కాదు. ఒకే మనిషి ఛాయాచిత్రముతో విజయవాడలో 658 సిమ్ములు జారీ అయినట్లు 2023 ఆగస్టులో బయటపడెను. ముఖములను పోల్చి చూచు యంత్రముతో దూరసంచార శాఖవారు కనిపెట్టిరి. అటువంటి సిమ్ములు ఎవరిచేతికి పోవునో మనకు తెలియదు. కొన్ని దొంగలకు పోవును. ఒకటి మా యౌవనస్థురాలివంటి నిర్భాగ్యురాలికి కూడ పోవచ్చును.

ఇప్పుడు ఇస్సాకు గుడారములోనికి పోదము. ముసలివాడు, కన్నులు మందగించినవి. కుమారుడు లోపలికి వచ్చి నేను ఏశావునని చెప్పుచున్నాడు. తండ్రికి అనుమానము కలిగెను. దగ్గరకు పిలిచి తడవి చూచెను. స్వరము ఒకనిది, చేయి వేరొకనిది. చేతులకును మెడకును రిబ్కా మేకపిల్లల తోళ్లు కట్టియుండెను. చేతిని తడవి మనిషిని గుర్తుపట్టుట మన కాలపు యంత్రముతో పుట్టిన సంగతి కాదు సుమండీ. ఆ యంత్రమువలెనే ఇస్సాకును మోసపోయెను. యాకోబు చేసిన తప్పు ఏది? తన పేరు దాచుట కాదు. తరువాత అన్నకు భయపడి పారిపోయి దూరదేశమున దాగినప్పుడు దేవుడు అతనిని విడువలేదు, బేతేలులో కలలో కనబడెను. తప్పు ఏదనగా, అతడు అన్న పేరు తొడుగుకొనెను. దాగినవాడు తన స్థలమును మాత్రమే ఖాళీచేయును. తొడుగుకొనినవాడు ఇంకొకని స్థలములో కూర్చుండును. ఆ ఇంకొకడు పొలమునుండి తిరిగి వచ్చినప్పుడు అతనికి మిగులునది ఏడ్పు. ఏశావు ఎంత గట్టిగా ఏడ్చెనో ఆ అధ్యాయములోనే యున్నది. అవ్వ పోలీసుల యెదుట ఏడ్చినప్పుడు నేను దగ్గరనుంటిని.

ఆ కుర్రవాడు ఐదువందలకు అమ్మజూపిన సిమ్ము ఏ అవ్వ వ్రేలో మాకు తెలియదు. ఎవరిదో ఒకరిది అనుట మాత్రము నిశ్చయము.

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడుగవచ్చును. ఐగుప్తు మంత్రసానులు ఫరోతో నిజము చెప్పలేదు, రాహాబు వేగులవారిని దాచి రాజు మనుష్యులతో అబద్ధమాడెను, దేవుడు వారిని ఆశీర్వదించెను గదా. ప్రాణమునకు వచ్చినప్పుడు ఈమెకు మాత్రము ఏల అభ్యంతరము? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నాకు కనబడునది ఇంతమాత్రమే: ఆ స్త్రీలు చెప్పిన మాటవలన కలుగు అపాయము వారి తలమీదనే నిలిచెను, ఊరిలో మరియొక పేదరాలి తలమీదికి జరుగలేదు. అయినను ఒక రాత్రి కత్తి పట్టుకొని తరుముచుండగా, వేరు దిక్కులేక ఒకతె అటువంటి సిమ్ముతో ఫోను చేసి బ్రదికినయెడల, ఆమెను సంఘము ముందర నిలువబెట్టుటకు నేను ఒప్పుకొనను. ఆ రాత్రి ఆమెకు అందని మన తలుపులను ముందు నిలువబెట్టవలెను.

మన సంగతి చెప్పుచున్నాను గనుక ఇదికూడ వినుడి. ఆమె పుట్టింటిలో నున్నదని భర్తకు తెలియజేసినది ఫోను కాదు, టవరు కాదు. గుత్తి ప్రక్కన ఒక పెండ్లి విందులో మన సంఘస్థుడే ఒకడు, "మీ ఇంటామె మా ఊర్లోనే ఉందప్పా" అని చెప్పి వచ్చెను. చెడు తలంపుతో కాదు; మాటలకు మాటగా చెప్పెను. అతడు నెలకొకమారు ప్రార్థన చేయువాడే.

మరుసటి ఆదివారము ఆమెతో నేను చెప్పినది ఇది. నీ పేరు సర్కారుకు చెప్పుట వేరు, నీ భర్తకు చెప్పుట వేరు. నీ పేరుమీద నీవు తీసికొనిన నంబరును అంగడివాడు గాని కంపెనీవాడు గాని అతనికి చెప్పరాదు. చెప్పినయెడల తప్పు వారిది. ఇంతవరకు నీ పేరుమీద నీకు ఏదియు లేకుండుటయే అతని బలము. ఆమె కొంతసేపు ఊరకుండి, "నా పేరుతో నేనెప్పుడూ ఏమీ తీసుకోలేదయ్యగారూ" అనెను.

ఇంత చెప్పినను నా మనస్సులో కొంచెము భయము లేకపోలేదు. చట్టము వ్రాసిన మాట ఒకటి, బల్లమీద కూర్చున్న మనిషి వేరొకటి. కాబట్టి ఆమె తెలిసినవారుండు చిన్న ఊరి అంగడి మాని, సోమవారమున నా భార్యతో కూడ బస్సెక్కి అనంతపురము వెళ్లెను. అక్కడ తన గుర్తింపు కార్డు ఇచ్చి, ఫోటో తీయించుకొని, తన పేరుమీద సిమ్ము తీసికొనెను. మరియొక నంబరు వ్రాయుమని వారు అడుగగా నా భార్య నంబరు ఇచ్చిరి. స్త్రీల సహాయమునకు 181 అను నంబరు ఉన్నదని మా స్త్రీల సహవాసములో ఆ తరువాతనే చెప్పుకొంటిమి; అంతకుముందు చెప్పుకొనలేదు.

అవ్వ సంగతికి వచ్చినయెడల, సంచార్ సాథీ అను ప్రభుత్వపు ఏర్పాటు 2023 మే మాసమునుండి ఉన్నది. మన పేరుమీద ఎన్ని నంబరులున్నవో అందులో చూచుకొని, మనవి కానివాటిని నావి కావని తెలుపవచ్చును. మా యౌవనుల సంఘమువారు ఆమెను వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి, ఆమె ఫోనుకు వచ్చిన అంకెలు చదివించుకొని చూచిరి. మూడు నంబరులుండెను. పోలీసులు అడిగినది ఒకటి; అవ్వ వాడునది ఒకటి; మూడవది ఎవరి చేతిలోనున్నదో ఎవరికిని తెలియదు. రెండింటిని తనవి కావని తెలిపిరి. మరుసటి సంత దినమున అవ్వ నన్ను ఆపి, ఆ మూడవ నంబరువారు ఎవరైన ఆడపిల్ల యైయుండునేమో, ఆపినందువలన ఆమెకు ఇబ్బంది యగునేమో అని అడిగెను.