ప్రత్యేక విభాగంలో ప్రథమ బహుమతి

"నా సీటు నాదేనా మేడం?" అని ఆ అమ్మాయి అడిగినప్పుడు మేమిద్దరం పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాం. ఇంటర్‌లో నా దగ్గర తెలుగు చదువుకుంది. వాళ్ళ నాన్నకి ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, అమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. ఆ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల జేఈఈ అడ్వాన్స్‌డ్ దాటి ఐఐటీలో సీటు తెచ్చుకుంటే బస్తీ అంతా మిఠాయిలు పంచుకోవాలి. పంచుకున్నారు కూడా. నాలుగు రోజులు గడిచాక వాళ్ళన్న దోస్తులు మొదలుపెట్టారట.

"అది అసలు సీటే కాదంటున్నరు మేడం. లేడీస్ కోటాల వచ్చింది, ఆ ర్యాంకుకు మగపిల్లగానికైతే రాకపోవు అంటున్నరు. నిజమే కద, రాకపోవు."

నేనేం చెప్పానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "ఎవరడిగినా ర్యాంకు చెప్పకు. కోటా మాటే ఎత్తకు" అన్నాను. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కేశాం. ఆడవాళ్ళకి కేటాయించిన సీట్లలోనే కూర్చున్నాం. 2023 డిసెంబరు నుంచి మాకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు డబ్బులు కూడా అక్కర్లేదు. ఆ ఉచిత టికెట్టు చేతిలో పట్టుకుని, వచ్చిన సాయాన్ని దాచుకొమ్మని నేను ఆ పిల్లకి నేర్పాను.

ఆ సలహా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. చాలా ఏళ్ళ కిందట ఒక కథల పోటీలో నాకు ప్రథమ బహుమతి వచ్చింది. రచయిత్రుల ప్రత్యేక విభాగంలో. ఈ చివరి మూడు మాటలూ నా బయోడేటాలో ఏనాడూ లేవు. "కథల పోటీలో ప్రథమ బహుమతి" అని మాత్రం ఉంది. అబద్ధమేమీ కాదు కదా అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. స్త్రీల కోసం స్త్రీలు నడిపే పత్రికల్లో అస్తిత్వం గురించి, ప్రాతినిధ్యం గురించి ఇన్ని వ్యాసాలు రాసిన మనిషిని, ఆ మూడు మాటలు రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఇలా గింజుకుంటున్న రోజుల్లోనే జేమీ చాడ్విక్ గురించి చదివాను. కార్ల రేసులకీ నాకూ ఏ సంబంధమూ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు, దారులు మళ్ళించారని విసుక్కున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ రోజు పరుగు తీసిన 22 మంది డ్రైవర్లూ మగవాళ్ళేనన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. అలవాటైన లేమి కంటికి ఆనదు.

చాడ్విక్ 1998లో ఇంగ్లండులోని బాత్‌లో పుట్టింది. సింగిల్ సీటర్, అంటే ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే రేసు కారు నడుపుతుంది. 2018లో బ్రిటిష్ ఫార్ములా 3లో రేసు గెలిచిన మొదటి స్త్రీ ఆమే. ఆ శీతాకాలం ఎంఆర్ఎఫ్ ఛాలెంజ్ అనే పోటీకి వచ్చింది. దుబాయి, బహ్రెయిన్‌ల తర్వాత చివరి అంకం 2019 ఫిబ్రవరిలో మన చెన్నై దగ్గరి ట్రాక్ మీద. అక్కడ ఆమె ఛాంపియన్ అయింది. అంతకుముందు ఆ టైటిల్ ఏ స్త్రీకీ దక్కలేదు. అది ఆడవాళ్ళ పోటీ కాదు, వెనకబడ్డవాళ్ళు మగవాళ్ళు. ఎంఆర్ఎఫ్ అన్న అక్షరాలు మా ప్రాంతం వాళ్ళకి కొత్తవి కావు. సదాశివపేట దగ్గర వాళ్ళ టైర్ల కర్మాగారం ఉంది, ఆ పేరు చూస్తూనే మా పిల్లలు కాలేజీలకి వచ్చిపోతుంటారు. అయినా ఆ పేరుతో జరిగిన పోటీని ఇరవై ఏళ్ళ అమ్మాయి గెలిచిందని నా క్లాసులో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు.

తెలిసినవాళ్ళు కూడా ఆమెని గుర్తుపెట్టుకున్నది ఇంకోదానికి. 2019 మేలో డబ్ల్యూ సిరీస్ మొదలైంది. కేవలం స్త్రీల కోసం పెట్టిన సింగిల్ సీటర్ పోటీ అది. ప్రవేశ రుసుం లేదు, కార్లన్నీ ఒకే రకం. 2019, 2021, 2022 మూడింట్లోనూ చాడ్విక్కే గెలిచింది. 2020లో కోవిడ్ వల్ల పోటీ జరగలేదు. ఆమె గెలుపుల జాబితాలో చెన్నై కిందికి జారిపోయి, డబ్ల్యూ పైకొచ్చింది. నేను బయోడేటాలో మూడు మాటలు చెరిపేసుకోగలిగాను, ఆమెకి ఆ వీలు కూడా లేదు. ఆ అక్షరం పోటీ పేరులోనే ఉంది.

ఈ సిరీస్‌ని మొదట్లోనే గట్టిగా వ్యతిరేకించిన వాళ్ళలో పిప్పా మాన్ ఒకరు. ఆమె కూడా బ్రిటిష్ రేసరే, ఇండియానాపోలిస్ 500లో పాల్గొన్న మనిషి. స్త్రీల కోసం డబ్బు తీసేవాళ్ళు ఆ డబ్బుతో వాళ్ళని ఉన్న పోటీల్లో నిలబెట్టకుండా విడిగా ఎందుకు కూర్చోబెడుతున్నారన్నది ఆమె అభ్యంతరం. కొట్టిపారేయదగ్గ మాట కాదిది. "స్త్రీల పేజీ" అనే చిన్న గదిలో మన కథల్ని పెట్టి, సాహిత్యం అనే పెద్ద హాలుని తమ కోసం ఉంచుకున్న పత్రికల్ని మనం ఎరగమా?

కానీ ఆ పెద్ద హాలు తలుపు ఎవరికి తెరిచి ఉందో కూడా చూడాలి. కార్ల రేసు చిన్నతనంలో గో కార్టుతో మొదలవుతుంది. ఏళ్ళ తరబడి ఖర్చు పెట్టగల తండ్రి ఉండాలి, ఆ తండ్రికి ఆ ఖర్చు ఏ బిడ్డ మీద పెట్టాలనిపిస్తుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఇది నాకు పరాయి కథలా అనిపించలేదు. ఆ అమ్మాయి అన్నని అప్పుచేసి హైదరాబాదు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పెట్టారు. ఆమె ఇంటి నుంచే చదువుకుంది, మంచినీళ్ళ ట్యాంకరు వేళకి పుస్తకం మూసింది. ఇద్దరూ రాసింది ఒకే పరీక్ష. అందరికీ ఒకటే పరీక్ష కాబట్టి న్యాయం అంటారు.

ఇంకో సంగతి చదివి చాలాసేపు ఆగిపోయాను. ఫార్ములా 1 కార్లకి పవర్ స్టీరింగ్ ఉంటుంది. దాని కింది మెట్టు అయిన ఫార్ములా 2 కారుకి ఉండదు. చేతులూ భుజాలూ మెడా ఎంత బలంగా ఉంటే అంత సులువు. పైన కూర్చున్నవాడికి లేని బరువు పైకెక్కేవాళ్ళకి ఉంది! ఖర్చు తగ్గించడానికి పెట్టిన ఆ ఏర్పాటు సగటు పురుషుడి శరీరాన్ని ప్రమాణం చేసింది. అది ఎవరికీ కోటాలా కనిపించదు.

డబ్బుదీ అదే వరస. డబ్ల్యూ సిరీస్ విజేతకి 5 లక్షల డాలర్లు ఇచ్చేవాళ్ళు. ఫార్ములా 3లో ఒక సీజన్ సీటుకి అది చాలదు. ఫార్ములా 1 లైసెన్సుకి 40 పాయింట్లు కావాలి. ఫార్ములా 2 ఛాంపియన్‌కి ఒక్క ఏడాదిలో ఆ నలభై వస్తాయి. డబ్ల్యూ సిరీస్ ఛాంపియన్‌కి అంతర్జాతీయ సమాఖ్య కట్టిన విలువ 15. అంటే ఆ దారి వేసినవాళ్ళు దాన్ని పెద్ద రోడ్డులో కలిపే పని సగంలో వదిలేశారు. 2022లో డబ్బు లేక చివరి రేసులు రద్దయ్యాయి, 2023లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మూడుసార్లు గెలిచిన మనిషి అమెరికా వెళ్ళి ఇండీ ఎన్‌ఎక్స్‌టీలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. 2024 జూన్‌లో రోడ్ అమెరికాలో, అందరితో కలిసిన పోటీలో, రేసు గెలిచింది. తర్వాతి ఏడాది ఎండ్యూరెన్స్ రేసుల వైపు మళ్ళింది. ఫార్ములా 1 మొదటి వరసకి ఇంకా చేరలేదు. 1992 తర్వాత ఆ వారాంతపు బరిలో గ్రాండ్ ప్రీ అర్హత కోసం ప్రయత్నించిన స్త్రీ మరొకరు లేరు.

కాబట్టి పిప్పా మాన్‌తో నా పేచీ ఇక్కడ. విడిగా ఉండటం తప్పు కాదు. విడిగానే ఉంచేయడం తప్పు. ప్రత్యేక విభాగం అనగానే మొహం చిట్లించేవాళ్ళు మా పారిశ్రామికవాడలో ప్యాకింగ్ హాళ్ళ ముందు ఎందుకు చిట్లించరు? అక్కడా వరసలన్నీ ఆడవాళ్ళే, కాంట్రాక్టు కింద, తక్కువ జీతానికి. ఆ రిజర్వేషన్ చూసి ప్రతిభ ఏమైపోతోందని అడిగిన పెద్దమనిషి నాకు తారసపడలేదు.

ఐఐటీల్లో 2018 నుంచి ఇస్తున్నవి అదనపు సీట్లు. అంతకుముందు ఆడపిల్లలు పది శాతం లోపే ఉండేవాళ్ళు. మగపిల్లల సీట్లు తగ్గించలేదు, పైన కలిపారు. అడ్వాన్స్‌డ్ అర్హత అందరికీ ఉండాల్సిందే. "ర్యాంకుకు రాకపోవు" అన్నది నిజం. నా తప్పు, ఆ నిజాన్ని సిగ్గుపడాల్సినదిగా ఒప్పుకోవడం. అలాగని ఆమె పడ్డ కష్టాల చిట్టా విప్పి, ఇందుకే ఈ సీటు ఆమెకి దక్కింది అనడానికీ నాకిప్పుడు మనసొప్పదు. సీటు కోసం ఆమె రోజూ తన పేదరికాన్ని రుజువు చేసుకోనక్కర్లేదు. మగపిల్లల్ని ఎవరూ అలా అడగలేదు.

దసరా సెలవులకి ఆమె వచ్చినప్పుడు, ఆ రోజు తప్పు చెప్పానమ్మా అన్నాను. నవ్వింది.

"నేను అప్పుడే చెప్పేసిన మేడం. అవును, లేడీస్ కోటానే, మీ చెల్లెండ్లతోని గూడ రాయించుండ్రి అన్న."

"ఏమన్నారు?"

"ఒకడు నిజంగనే పుస్తకాలడిగిండు, వాళ్ళ చెల్లె కోసం. ఇచ్చిన."

ఈ వ్యాసంతో పాటు రెండు లైన్ల పరిచయం పంపమన్నారు సంపాదకులు. పాత బయోడేటా తెరిచి, బహుమతి దగ్గర ఆ మూడు మాటలూ చేర్చి పంపాను. చేర్చేముందు ఒకసారి తీసేసి, మళ్ళీ పెట్టాను.