మర్యాద

కడప జిల్లా జమ్మలమడుగునకు పడమటగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట కలదు. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱెడు లోయయే గండి. దాని యంచున వెలసిన దుర్గము గనుక గండికోట. కోటలోని మాధవరాయస్వామి, రంగనాథస్వామి ఆలయములను చూచిన యాత్రికులు పిమ్మట లోయ చూడ బోవుదురు. అడుగున నది దారమువలె కనబడును. అంచునకు రెండడుగుల ఇవతలనే కాలు తనంత తాను ఆగును.

సంస్కృతమున మర్యాద యను శబ్దమునకు మొదటి అర్థము ఎల్ల. మర్యులనగా మనుష్యులు, వారిచే నిలుపబడినది మర్యాద యని యాస్కుడు నిరుక్తమున వివరించెను. అమరసింహుడు దీనిని సంస్థ, ధారణ, స్థితి యను పదములతో చేర్చి చెప్పెను. ఇందులో వందనోపచారముల మాట యెక్కడను లేదు. ఆ యర్థము ఎట్లు వచ్చెను?

పాణిని ‘ఆఙ్’ అను అవ్యయమునకు మర్యాద, అభివిధి యని రెండర్థములు చూపెను. ఎల్లను కూడ కలుపుకొన్నచో అభివిధి. ఎల్లకు ఇవతలనే ఆగినచో మర్యాద. ఊరిదాక వాన కురిసెననగా, ఊరిలోను కురిసినచో అభివిధి. పొలిమేరకడనే నిలిచిపోయినచో మర్యాద. రాయలసీమ రైతునకు ఈ భేదము వ్యాకరణము చదువకయే తెలియును! నోటిదాక వచ్చిన పరుషవాక్యము పెదవి దాటక నిలిచిన, అదియు మర్యాదయే. తెలుగువారు ‘మేర మీరినాడు’, ‘హద్దు తప్పినాడు’ అని అమర్యాదను చెప్పుటలో ఈ మూలార్థమే నేటికిని నిలిచియున్నది.

అయితే ఆగుట యొక్కటియే మర్యాద కాదు. అయోధ్యాకాండారంభమున వాల్మీకి శ్రీరాముని గుణములను వర్ణించుచు, తన్ను పరుషముగా పలికినను మారు పలుకడనియు, ఎదుటివాడు నోరు విప్పకమునుపే తాను మృదువుగా పలుకరించుననియు చెప్పెను. మొదటి గుణము కష్టమని అందఱు నొప్పుకొందురు. రెండవదానిని మాత్రము మఱచుచున్నారు. వీథిలో ఎదురుపడిన ఇరువురును ‘ముందు వాడే నమస్కరించనిమ్ము’ అని వేచియుండి, తుదకు పలుకకయే పోవుచున్నారు. సముద్రతీరమున రాముడు మూడు రాత్రులు దర్భశయనమున పరుండి దారి యడిగెను. విల్లెత్తినది ఆ తరువాతనే. అడుగుటకు బలము లేనివాడు కాడు, కోపము రానివాడును కాడు.

ఇక ఆలయమున తీర్థము, శఠారి, పరివట్టము మున్నగువానిని మర్యాదలనుట మనకు పరిపాటి. ముందెవరు, వెనుకెవరు అను తగవు రాకుండ ఏర్పడిన క్రమమే యిది. ఆ క్రమమే నేడు తగవులకు కారణమగుచున్నది. తనకు ముందు తీర్థమందలేదని ఉత్సవమును విడిచి, స్వామికి వెన్నుచూపి పోవువారు కలరు. వారు కోరిన శఠారి స్వామి పాదముల గుర్తు. శఠకోపుడైన నమ్మాళ్వారు పేర వెలసినది. దానిని వంచిన తలపైననే పెట్టుదురు.

గండికోటలో వెలసిన రంగనాథుని ముఖ్యక్షేత్రము శ్రీరంగము. అచ్చటి ఆలయ క్రమమును తీర్చిదిద్దినవారు భగవద్రామానుజులు. వారి విషయమున గురుపరంపరలో ఒక వృత్తాంతము చెప్పుదురు. వృద్ధాప్యమున కావేరీ స్నానమునకు పోవునపుడు వారు బ్రాహ్మణ శిష్యుడైన ముదలియాండాన్ చేయి పట్టుకొందురట. స్నానముచేసి తిరిగి వచ్చునపుడు మల్లుడైన ఉఱంగావిల్లిదాసుని భుజముపై చేయి వేయుదురట. తక్కిన శిష్యులు ఇది తగునా యని ఆక్షేపింప, కులము, విద్య, ధనము వలన కలుగు గర్వము ఈ దాసునియందు లేదనియు, స్నానముచేత దేహమునకు గలిగిన శుద్ధి అతని స్పర్శచేత పూర్ణమగుననియు ఆచార్యులు సెలవిచ్చిరి. మఱునాడును అట్లే ఆయన భుజముపై చేయి వేసి మఠమునకు వచ్చిరి.