పసిపిల్లల సంపాదన ఎవరికి ధర్మసమ్మతం?

దివ్యఖుర్ఆన్ 81వ సూరా ‘తక్వీర్’లో ప్రళయదినపు దృశ్యాలు ఒకదాని వెంట ఒకటి మన ముందుకు వస్తాయి. సూర్యుడు చుట్టివేయబడతాడు, నక్షత్రాలు రాలిపోతాయి, పర్వతాలు కదలిపోతాయి. ఇంతటి మహా సంఘటనల నడుమ, సజీవంగా పూడ్చిపెట్టబడిన ఓ ఆడశిశువును, నీవు ఏ నేరానికి చంపబడ్డావని అడగటం జరుగుతుంది. ఇక్కడ ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఒక విషయం ఎత్తిచూపారు. ప్రశ్న వేసింది హంతకుణ్ణి కాదు, బిడ్డను. ఆ తండ్రి పలకరింపుకైనా తగినవాడు కాకుండా పోయాడన్నమాట!

ఆ అజ్ఞాన కాలపు అరబ్బులు బిడ్డలను చంపటానికి చెప్పుకున్న కారణాలలో పేదరికం ఒకటి. అందుకే అల్లాహ్ రెండు చోట్ల దానిని వారించాడు. ‘అన్ఆమ్’ సూరా 151వ వాక్యంలో, ఇప్పటికే పేదరికంలో ఉన్నవారిని ఉద్దేశించి, ముందు మీకు, తర్వాత వారికి ఉపాధినిచ్చేది మేమేనన్నాడు. ‘బనీ ఇస్రాయీల్’ సూరా 31వ వాక్యంలో, రేపటి పేదరికానికి భయపడేవారితో, ముందు వారికి, తర్వాత మీకు అన్నాడు. బిడ్డ ఉపాధి తండ్రి ద్వారా వస్తుందే గాని, తండ్రి ఉపాధిని బిడ్డ మోసుకురావాలని ఈ రెండు చోట్లా లేదు.

నేడు మన ఇళ్ళలో ఎవరూ బిడ్డను పూడ్చిపెట్టటం లేదు. కాని తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి పొద్దున్నే మెకానిక్ షెడ్డులో దించి, రాత్రి పది గంటలకు ఇంటికి తెచ్చుకునేవారు మన బస్తీలలో లేరా? హోటల్లో బల్ల తుడిచే పిల్లవాడికి ఒక పేరుంటుంది. అఖీఖా చేసి, మంచి అర్థం చూసి, తల్లిదండ్రులు పెట్టిన పేరు. అక్కడ మాత్రం అందరికీ వాడు ‘ఛోటూ’యే.

2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు సోదాలు జరిపినప్పుడు గాజుల కార్ఖానాల నుండి రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. వారిలో అత్యధికులు బీహారు నుండి తీసుకురాబడినవారు. ఇరుకు గదుల్లో, లక్క కరిగించే వేడికి, రసాయనాల వాసనకు దగ్గరగా కూర్చోబెట్టి గంటల తరబడి గాజులకు రాళ్ళు అద్దించేవారు. ఆ గాజులు మన చార్మినార్ పక్కన లాడ్ బజారులో అమ్ముడవుతాయి. మన ఆడబిడ్డల పెళ్ళిళ్ళకు, ఈద్‌కు మనమే కొంటాం. చేయించినవారిలోనూ, చేసిన పిల్లల్లోనూ, కొన్నవారిలోనూ కలిమా చదివేవారు ఉన్నారని చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్పుకోక తప్పదు.

కారణాలు ఏమిటి?

అడిగిన ప్రతివారూ పేదరికమనే అంటారు. అది నిజమే, అయితే పూర్తి నిజం కాదు. పేదరికమొక్కటే కారణమైతే ప్రతి పేద ఇంటి బిడ్డా పనికి వెళ్ళాలి. వెళ్ళటం లేదు కదా! ఒకే వీధిలో, ఒకే రాబడి గల రెండు ఇళ్ళలో ఒక ఇంటి పిల్లలు బడికి పోతారు, రెండో ఇంటి పిల్లలు పోరు. తేడా ఎక్కడుందని చూస్తే చాలాసార్లు అప్పు కనబడుతుంది. తండ్రికి జబ్బు చేసింది, లేదా పెద్దకూతురి పెళ్ళికి జోడే కీ రఖమ్ ఇవ్వాల్సి వచ్చింది. కార్ఖానా యజమానో, దళారీయో పేష్గీ ఇచ్చాడు. పేష్గీతో పాటు కుర్రవాడు కూడా వెళ్ళాడు. జోడే కీ రఖమ్ అనే దురాచారం పిల్లకే కాదు, ఆమె తమ్ముడికి కూడా ఉరితాడవుతోందని మనం ఎన్నడైనా ఆలోచించామా?

రెండవది, యజమాని లాభాపేక్ష. పెద్దవాడు దొరకక పిల్లవాణ్ణి పెట్టుకున్నామని ఎవరైనా అంటే నమ్మనవసరం లేదు. ఆ పిల్లవాడి తండ్రే పనిలేక అరుగు మీద కూర్చొని ఉంటాడు. పిల్లవాడు కూలి తక్కువ అడుగుతాడు, తిడితే ఊరుకుంటాడు, లెక్క అడగడు. ఉన్న రహస్యమంతా ఇదే. పైగా పిల్లలు పనిచేసేకొద్దీ పెద్దల కూలి పడిపోతుంది. కూలి పడిపోయిన తండ్రి మరో బిడ్డను పంపుతాడు.

మూడవది మన ఇంటి మాట: “చదివి ఏం కలెక్టరవుతాడా? హునర్ నేర్చుకుంటే బతుకుతాడు!” సచార్ కమిటీ 2006 నాటి తన నివేదికలో, 6-14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖమే చూడలేదనీ, లేదా మధ్యలో మానేశారనీ తేల్చింది. ఇది ‘ఇఖ్రా’తో మొదలైన గ్రంథాన్ని తలపై పెట్టుకునే సమాజం పరిస్థితి. బడిలో ఉపాధ్యాయులు లేకపోవటం, ఉన్నా పిల్లవాడి భాష వారికి అర్థం కాకపోవటం కూడా ఈ మాటకు బలం చేకూర్చాయన్నది వాస్తవమే.

షరీఅత్ ఏమంటోంది?

కొందరు సోదరులు హజ్రత్ అనస్ (రజి) గారి ఉదాహరణ తెస్తారు. పదేళ్ళ వయసులో ఆయన దైవప్రవక్త (స) సేవలో చేరలేదా, మరి పిల్లలతో పని చేయిస్తే తప్పేమిటి అని అడుగుతారు. ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాల్సిన అవసరం ఉంది. ఆయన తల్లి ఉమ్మె సులైమ్ (రజి) కుమారుణ్ణి తీసుకువచ్చింది కూలి కోసం కాదు. అప్పటికే రాయటం తెలిసిన తెలివైన పిల్లవాడని చెప్పి అప్పగించింది. పదేళ్ళ సేవలో ఆయన (స) తనను ఒక్కసారైనా ‘ఉఫ్’ అనలేదనీ, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదనీ అనస్ (రజి) స్వయంగా తెలిపారు. ఆ ఇంటి నుండి ఆ బాలుడు రెండు వేలకు పైగా హదీసులు నేర్చుకొని వచ్చాడు. మన షెడ్డుల నుండి కుర్రవాళ్ళు ఏం నేర్చుకొని వస్తున్నారు? గుట్కా, బూతులు! పోలిక తెచ్చేవారు ఆ ‘ఉఫ్’ అనని పదేళ్ళను కూడా తేవాలి.

మూడవ ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) గారి ఖుత్బా ఒకటి ఇమామ్ మాలిక్ (రహ్మలై) తమ ‘మువత్తా’లో పొందుపరిచారు. చిన్నపిల్లవాడిపై సంపాదన భారం మోపకండి, వాడికి దొరకనినాడు దొంగతనం చేస్తాడని అందులో ఆయన హెచ్చరించారు. పధ్నాలుగు శతాబ్దాల క్రితం, మింబరు మీది నుండి, ఒక పాలకుడు బాలకార్మికుల గురించి మాట్లాడారు. మన జుమా ఖుత్బాలలో ఈ ప్రస్తావన ఎన్నిసార్లు విన్నాం?

ఇక ఫిఖ్ విషయానికి వద్దాం. తండ్రి తన కుమారుణ్ణి వృత్తి నేర్పే ఉస్తాద్ వద్ద పెట్టటాన్ని హనఫీ ఫుఖహాలు అనుమతించారు. దాచాల్సిన పని లేదు. అయితే షరతులు కూడా అక్కడే రాశారు. ఆ కూలి పిల్లవాడి సొత్తు. దాని నుండి వాడి ఖర్చుకే వాడాలి. మిగిలినది వాడు యుక్తవయస్కుడయ్యే వరకు భద్రపరచాలి. తండ్రి దుబారా మనిషైతే ఖాజీ ఆ సొమ్మును తన అధీనంలోకి తీసుకుంటాడు. ఆడపిల్లలనైతే కూలికి గాని, ఇతరుల ఇళ్ళలో సేవకు గాని పెట్టే అధికారం తండ్రికే లేదన్నారు. పన్నెండేళ్ళ పిల్లను పనికి పెట్టుకొని, ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నామని చెప్పుకునే సంపన్న కుటుంబాలు ఈ మస్అలాను రెండుసార్లు చదవాలి. ఇంట్లో మనిషి అయితే మీ పిల్లలతో పాటు బడి బస్సు ఎక్కాలి కదా!

వయసు హద్దు మాటకు వస్తే, పధ్నాలుగేళ్ళ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి)ని దైవప్రవక్త (స) ఉహుద్ యుద్ధానికి అనుమతించలేదు, పదిహేనేళ్ళ వయసులో ఖందక్‌కు అనుమతించారు. ఈ హదీసు విన్న హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై), చిన్నవారికీ పెద్దవారికీ మధ్య హద్దు ఇదేనని తన అధికారులకు రాశారు. మన దేశ చట్టం కూడా 2016 సవరణ తర్వాత 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవటాన్ని నిషేధించింది. బడి వేళల తర్వాత ఇంటివారికి చేసే ప్రమాదరహితమైన సాయం వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. ప్రమాదకరమైన పనులకైతే 18 ఏళ్ళ లోపు వారిని పెట్టరాదు. ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల నుండి రెండేళ్ళ జైలు, 20 వేల నుండి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మనం చేయగలిగినది

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో మొదట పాలు మాన్పించిన పిల్లలకే బైతుల్‌మాల్ నుండి భత్యం ఉండేది. ఒక రాత్రి ఓ పసికందు ఎడతెగని ఏడుపు విని విచారిస్తే, భత్యం కోసం తల్లి తొందరపడి పాలు మాన్పిస్తోందని తెలిసింది. ఆ ఉదయమే, పుట్టిన ప్రతి బిడ్డకూ భత్యం ఇవ్వాలని ఆదేశం మార్చివేశారు. ఆ తల్లిని శిక్షించలేదు, ఆమెను ఆ పనికి నెట్టిన నిబంధనను సరిచేశారు. పిల్లలను పనికి పంపే తల్లులను తిట్టేముందు మనం కూడా ఇటువైపు చూడాలి.

మన జకాత్ ఎలా పోతోంది? రంజాన్‌లో గుమ్మం ముందు వరుస కట్టిన వందమందికి వంద, రెండు వందల రూపాయల చొప్పున పంచి చేతులు దులుపుకుంటున్నాం. ‘తౌబా’ సూరా 60వ వాక్యం చూపిన ఎనిమిది పద్దులలో అప్పులపాలైనవారున్నారు, మెడలు విడిపించటం కూడా ఉంది. పది ఇళ్ళవారు కలిసి ఒక్క కుటుంబాన్ని నిలబెడితే, అర్హుడైన ఆ తండ్రికి తోపుడు బండో, కుట్టుమిషనో సమకూరితే, ఒక పిల్లవాడు వెనక్కి వస్తాడు. ఒక్క జాగ్రత్త: వెట్టి పేష్గీని జకాత్ సొమ్ముతో దళారీకి కట్టకండి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ చెల్లదు. కడితే మరో పిల్లవాణ్ణి తెచ్చుకోవటానికి వాడికి పెట్టుబడి ఇచ్చినట్లే. సొమ్ము చేరవలసింది ఇంటికి.

బద్ర్ ఖైదీలలో విమోచన ధనం లేనివారు అన్సార్ పిల్లలకు చదువు నేర్పితే విడుదల చేశారు. ముస్లింలు ఎంతో ఇబ్బందుల్లో ఉన్న రోజులవి, డబ్బు అవసరం లేక కాదు.

మన రాష్ట్రాల్లోనే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుండి ఈ పని చేసి చూపించింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్న ఒక్క సూత్రం పట్టుకొని, ఇల్లిల్లూ తిరిగి, పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో తయారుచేసి వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు లభించింది. పేదరికం పోయాక పిల్లలు బడికి వస్తారని వారు ఎదురుచూడలేదు. ఈ పని ఒక మస్జిద్ కమిటీ చేయలేనిదా? మొహల్లాలోని ఇళ్ళ జాబితా ప్రతి కమిటీ వద్దా చందా కోసం ఎలాగూ ఉంటుంది. అందులో ఒక గడి అదనంగా గీసి, బడికి పోని పిల్లల పేర్లు రాసుకుంటే చాలు, పని మొదలైనట్లే. తెలంగాణలో 2016 నుండి మైనారిటీ గురుకులాలున్నాయి, భోజనం, వసతి ఉచితం. ఫారం నింపటం రాని తల్లికి ఇమామ్ సాబో, చదువుకున్న ఓ యువకుడో నింపిపెట్టాలి. కార్ఖానాలో పిల్లలు కనబడితే 1098 నంబరుకు ఫోను చేయాలి. పొరుగువాడిని పట్టించటమవుతుందేమోనన్న శంక అక్కరలేదు. అన్యాయం చేస్తున్న సోదరుని చేయి పట్టి ఆపటమే అతనికి సహాయమని మహనీయ ముహమ్మద్ (స) బోధించారు.

ఇప్పటికే పిల్లలను పెట్టుకున్న యజమానులు ఈ వ్యాసం చదువుతుంటే వారికో మాట. రేపే పిల్లవాణ్ణి పంపించివేసి తౌబా చేసుకున్నాననుకుంటే సరిపోదు. వాడి కూలి బాకీ ఉంది. పని పూర్తిగా చేయించుకొని కూలి ఎగవేసినవానికి వ్యతిరేకంగా ప్రళయదినాన తానే వాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి పెద్దవాడికి ఆ పనికి ఎంత ఇచ్చేవారో లెక్కగట్టి, ఇచ్చినది తీసివేసి, మిగిలినది పిల్లవాడి పేరున బ్యాంకులో వేయండి. ఆ స్థానంలో వాడి తండ్రినో, అన్ననో పెట్టుకోండి, పెద్దవాడి కూలికే.