చేరని ఉత్తరం

కన్నవారిని కాగితం మీద దోషులుగా నిలబెట్టే హక్కు రచయితకు ఉన్నదా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ప్రాగ్ నగరపు యూదు రచయిత ఫ్రాంజ్ కాఫ్కా నాకు గుర్తుకు వస్తాడు. 1919లో తండ్రికి సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. ఆ తండ్రి బాల్యంలో చలికి కాళ్లు పుండ్లు పడుతున్నా బండితో ఊరూరా తిరిగినవాడు. దుకాణం పెట్టి కొడుకును న్యాయశాస్త్రం చదివించాడు. ఆ కష్టాన్నే పిల్లలకు నిత్యం ఎత్తిపొడిచాడు. దుకాణంలో పనివాళ్లను శత్రువులుగా చూశాడు. అక్కడ కొడుకు పనివాళ్ల పక్షాన నిలిచాడు. కొడుకు పుస్తకం తెస్తే మంచం పక్కన పెట్టమన్నాడు. ఏడాదికి నాలుగు రోజులు మొక్కుబడిగా ప్రార్థనామందిరానికి పోయి, అదే మతమని అప్పగించాడు.

అభియోగం బలమైనదే. ఐతే తండ్రి ఇవ్వగల సమాధానాన్ని కూడా ఆ ఉత్తరం చివర కొడుకే రాశాడు! అందుకే నేను కాఫ్కా పక్షం.

కాని ఉత్తరం తల్లి చేతికిస్తే ఆమె తిరిగి ఇచ్చేసిందని మిత్రుడు మాక్స్ బ్రోడ్ చెప్పాడు. తండ్రి 1931లో పోయాడు. 1952లో అది అచ్చయింది. పరాయివాళ్లం మనం చదువుతున్నాం. ఇక్కడ మాత్రం నా వకాల్తా తడబడుతుంది.