పేరు చెప్పి విడిచిన నీరు



చెఱకు తోటలలో మన ముత్తాతలు కన్నుమూసిన దినములలో వారికొఱకు సంతాప సభ జరిపినవారు లేరు. రిజిస్టరులో నంబరు ఎదుట ఒక ముక్క వ్రాయబడెను. అంతటితో లెక్క తీరెను. నేడు వారి సంతతివారమగు మనము వేదికలు కట్టి, పుష్పగుచ్ఛములుంచి, మంత్రులను పిలిచి వారిని తలచుకొనుచున్నాము. ఇది శుభమే. అయితే ఇట్టి బహిరంగ స్మరణ సభలయందు మతమునకు ఎంత చోటీయవలయును, రాజకీయమునకు ఎంత చోటీయవలయును అను ప్రశ్న నన్ను చాలకాలము వేధించినది. దీనికి కొంత సమాధానము నాకు పోర్ట్ లూయీలో దొరకలేదు. కతర్ దేశమున, దోహా నగరపు పొలిమేరలో, ఒక కార్మిక శిబిరపు భోజనశాలలో దొరికినది.

నా కుమారుని యింట కొన్ని మాసములుండుటకై నేను దోహాకు పోయితిని. ఒక శుక్రవారమున, అనగా అక్కడి సెలవు దినమున, మనవాడొకడు పోయినాడని, సభకు రమ్మని నన్ను పిలిచిరి. పోయినవాడు కరీంనగరము వైపు పల్లెటూరి యువకుడు, సెంట్రింగు పనివాడు. పగలంతయు పనిచేసి రాత్రి నిద్రించి మఱల లేవలేదు. అక్కడ మరణించిన మనవారి దేహములు సాధారణముగ విమానముపై స్వదేశమునకే పంపబడును. ఇతని దేహమును అప్పటికే శంషాబాదు చేరినది. కావున సభలో దేహము లేదు, చితి లేదు, పుత్రుడు లేడు. ఉన్నదొక ఫోటో, ఒక దండ, ఒక మైకు.

ఇక జరిగినది చెప్పెదను. వేదిక వెనుక కట్టిన బ్యానరుపై నలుగురు నాయకుల చిత్రములు పెద్దవిగ నుండెను. మృతుని చిత్రము మూలన చిన్నదిగ నుండెను. అతని ఇంటిపేరు తప్పుగ అచ్చయినది. కతర్‌లో రాజకీయ పార్టీలకు తావు లేదు. అయినను మన ఊళ్ల పార్టీల రంగులు సముద్రము దాటి ఆ గుడ్డపైకి వచ్చినవి! ఒక వక్త తమ పార్టీ గల్ఫు కార్మికులకు చేసిన మేలు వివరించెను. వేరొకరు లేచి అది తమ పార్టీ చేసినదనిరి. పిమ్మట ఒక పెద్దమనిషి భజన మొదలుపెట్టించెను. అప్పటివరకు గోడవెంబడి నిలుచున్న పదిమంది, అందులో ముస్లిములు కలరు, క్రైస్తవులు కలరు, తామిక ఏమి చేయవలెనో తోచక మెల్లగ వాకిలివైపు జరిగిరి. వారు మృతునితో ఒకే గదిలో పండుకొన్నవారు.

సభ ముగియు సమయమున వాకిలియొద్ద నున్న నిజామాబాదు ముస్లిము యువకుడొకడు, ''అయ్యా, నేనొక మాట చెప్పవచ్చునా?'' అని అడిగెను. మైకు తీసికొనలేదు. మృతుని పేరు చెప్పెను, తండ్రి పేరు చెప్పెను, ఊరి పేరు చెప్పెను. వీసాకొఱకు చేసిన అప్పు ఎంత మిగిలినదో చెప్పెను. చనిపోవుటకు ముందు మూడు దినములు, ఎండకు తల తిరుగుచున్నదని అతడు పలుమార్లు అన్నాడని చెప్పి కూర్చుండెను. ఆ భోజనశాలలో అంతవఱకు ఎవరును ఏడ్వలేదు. అప్పుడు ఏడ్చిరి.

ఆ రాత్రి నాకు భారతమందలి స్త్రీపర్వము జ్ఞప్తికి వచ్చినది. తిక్కనగారి చేతిలో ఆంధ్రమున వెలసిన ఆ పర్వమును మనవారు పురాణ కాలక్షేపములలో తఱచు దాటిపోవుదురు. యుద్ధమైపోయినది. ధృతరాష్ట్రుడు ధర్మరాజును అడిగెను: దిక్కున్నవారి సంగతి సరే, దిక్కులేనివారి దేహములకు ఎవరు దహనము చేయుదురు? అడిగినది ఓడినవాడు, వినినది గెలిచినవాడు. ధర్మరాజు తన పురోహితుడగు ధౌమ్యునేకాక కౌరవుల పురోహితుడగు సుధర్ముని కూడ నియమించెను. విదురుని, సంజయుని, యుయుత్సుని పంపెను. చందనము, అగరు, నేయి తెప్పించిరి. విరిగిన రథములే కట్టెలైనవి. దుర్యోధనునికి చితి పేర్చిరి, అభిమన్యునికిని పేర్చిరి. శత్రువునకు తక్కువ నేయి పోయలేదు.

రాజులకు ముందు, తక్కినవారికి తరువాత జరిగినదనుట నిజమే. మన వేదికలపై కుర్చీల వరుస కొఱకు జరుగు తగవులను చూచి ఆశ్చర్యపడ నక్కఱలేదు. కురుక్షేత్రమునను వరుస ఉండెను. కాని తరువాత వచ్చిన మాట గమనింపుడు. నానాదేశములనుండి వచ్చి అక్కడ కూలిన అనాథలను వేలుగ కూర్చి, కట్టెలు పేర్చి, నూనె పోసి, రాజాజ్ఞచే విదురుడు దహింపజేసెను. కూలికొఱకు, ఉప్పుకొఱకు దూరదేశమునుండి వచ్చి పేరులేక పడిపోయినవారిని ఆ గ్రంథము మఱచిపోలేదు. రాజు ఖర్చు పెట్టెను. మంత్రి దగ్గఱ నిలిచి పని జరిపించెను. పురోహితులు ఇరుపక్షములవారికిని మంత్రము చెప్పిరి. ఎవరి పని వారు చేసిరి. అక్కడ రాజకీయము లేదని యెవరనగలరు? ఉన్నది. అయితే అది కట్టెల రూపమున, నూనె రూపమున ఉన్నది.

అటుపిమ్మట అందఱు గంగకు పోయిరి. తర్పణములు విడుచుచుండగ కుంతీదేవి నోరు విప్పినది: మీరు సూతపుత్రుడనుకొన్న కర్ణుడు మీ అన్న, అతనికిని నీరు విడువుడు. ఎన్నియో ఏండ్లు లోకభీతిచే దాచిన పేరు తర్పణ సమయమున దాగలేదు. ఈ రహస్యమును దాచుటచేత ఇంత సంహారము జరిగినదని ధర్మరాజు విలపించెను. అభిమన్యుని మరణముకంటె కర్ణుని మరణమే తనను దహించుచున్నదనెను. ఆపై కర్ణుని భార్యలను పిలిపించి వారితో కలిసి నీరు విడిచెను. నీరు విడుచువాడు పేరు చెప్పవలయును, గోత్రము చెప్పవలయును. పేరు దాచినచో క్రియ సాగదు.

ఇప్పుడు మఱల కతర్‌కు వత్తము. ఆ దేశమునకు 2010లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల హక్కు లభించినది. 2021 ఫిబ్రవరిలో లండనునందలి గార్డియన్ పత్రిక, అప్పటికి పదేండ్లలో భారత, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందినవారు 6,500 మందికి పైగా కతర్‌లో మరణించిరని వ్రాసెను. ఇది అన్ని కారణముల మరణముల లెక్క. స్టేడియముల వద్ద మరణించినవారి లెక్క మాత్రము కాదు. ఈ భేదమును మఱచి ఆవేశపడుట తగదు. 2022 నవంబరులో పోటీల నిర్వాహక ముఖ్యుడు హసన్ అల్ థవాదీ, పోటీలకు సంబంధించిన పనులలో మరణించినవారు 400కును 500కును నడుమ నుందురని ఒక దూరదర్శన సంభాషణలో చెప్పెను. అంతకుముందు అధికారికముగ చెప్పినవి బహు కొద్ది. చాలమంది మరణపత్రములలో కారణము సహజ మరణమనియో, గుండె ఆగుటయనియో ఉన్నది. విచారణ లేనప్పుడు ఆ మాట మరణమునకు పేరు కాదు, పేరుపై కప్పిన గుడ్డ. కుంతి దాచినది పుత్రుని పేరు. ఇక్కడ దాగినది మృత్యువు పేరు. కారణము దాగిన చోట నష్టపరిహారమును దాగిపోవును.

2022 మార్చి 31వ తేదీన దోహాలోనే జరిగిన ఫీఫా మహాసభలో నార్వే ఫుట్‌బాల్ సంఘాధ్యక్షురాలు లీసె క్లావెనెస్ నిలిచి, ఈ పోటీల పనులలో గాయపడిన వలస కార్మికులను, మరణించినవారి కుటుంబములను ఆదుకొనవలయునని పలికినది. ఇది దానికి తగిన వేదిక కాదని అచటనే ఆక్షేపణ వచ్చినది. డెన్మార్కు జట్టు దుస్తులు కుట్టిన హుమ్మెల్ సంస్థ మూడవ చొక్కాను నల్లగ చేసి, నలుపు సంతాపవర్ణమని ప్రకటించెను. పోటీలకు ముందు ఫీఫా అధిపతులు, ఆటమీదనే దృష్టి నుంచుడు, రాజకీయ పోరాటములలోనికి దీనిని లాగవలదని జట్లకు లేఖ వ్రాసిరి.

సోదరులారా, ''ఇక్కడ రాజకీయము వలదు'' అను మాట వినుటకు ఎంతో సాధువుగ నుండును. నేనును పలుమార్లు పలికినవాడనే. కాని ఆ భోజనశాలలో నాయకులు మాటలాడినంతసేపును అది రాజకీయమని ఎవరును అనలేదు. ఎండకు తల తిరిగినదని ఆ ముస్లిము బాలుడు చెప్పినప్పుడు మాత్రము నా ప్రక్కనున్నవారొకరు, ''ఈ సంగతులన్నియు ఇప్పుడెందుకు?'' అని గొణిగిరి. ఏది రాజకీయము? మృతుని పేరుతో తన పేరును పెంచుకొనుట రాజకీయములలో నీచమైనది. దానిని వాకిటనే ఆపవలయును. మృతునికి రావలసిన దానిని అడుగుట వేఱు. అది ఋణము. శవము వాకిట నుండగనే ఇచ్చిపుచ్చుకోవలసిన లెక్కలు పెద్దలు మాటలాడుట మన పల్లెలలో ఎన్నడు తప్పు కాలేదు.

ఎండవేళ బయట పని నిషేధము కతర్‌లో 2007నుండి ఉన్నది. 2021లో దానిని పెంచి, జూన్ 1నుండి సెప్టెంబరు 15వఱకు ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3.30వఱకు పని వలదనిరి. అదే సంవత్సరము మార్చినుండి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనము వచ్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, 2020లో పని ప్రమాదములవలన 50 మంది మరణించిరని, 500 మందికి పైగా తీవ్రముగ గాయపడిరని నివేదించినది. 2024లో తెలంగాణ ప్రభుత్వము గల్ఫులో మరణించినవారి కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయము ప్రకటించినది. ఇవి చాలునని అనను. కాని ఇవన్నియు ఎవరో ఒకరు, తగని వేదికపై, తగని మాట అడుగుటచేత వచ్చినవి. విదురుని కట్టెలు ఇట్టివే.

మతము మాట. కతర్ రాజ్యాంగము 50వ అధికరణము చట్టమునకు లోబడి ఆరాధనా స్వేచ్ఛ నిచ్చుచున్నది. 2008నుండి క్రైస్తవులకు మెసైమీర్ ప్రాంతమున ప్రార్థనామందిరములు కలవు; హిందువుల పూజలు ఎక్కువగ ఇండ్లలోననే జరుగును. దీనిని గూర్చి వగచువారిని చూచితిని. నాకు మాత్రము, ఈ పరిమితివలన మఱచిన భేదమొకటి తెలిసివచ్చినది. పదియవనాటి క్రియ యింటిది. అది పుత్రుడు చేయవలసినది, పల్లెలో జరుగును. సభ ఊరిది. ఊరిలో అన్ని మతములవారు నుందురు. సభను శ్రాద్ధముగ మార్చినచో తోడివారిని వాకిటికి నెట్టుదుము. అది మృతునికి ఇష్టమగునా?

మతము తప్పుకొనవలయునని నేననుటలేదు. శ్రాద్ధమునందు వికిరమను భాగము కలదు. దహన సంస్కారము దొరకనివారికొఱకు అన్నము వెదజల్లుదురు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య కలదు. తెలంగాణ పల్లెలలో దానినే పెత్రమాస యందురు. ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ. చచ్చినవారికి బియ్యమిచ్చిన వాకిటనే ఆడుబిడ్డలు పూలు పేర్చుదురు. ఎవరును లేనివారికి కూడ ఒక పిడికెడు నుంచవలెనని మన ధర్మము శాసించినది. ఆ పిడికెడును సభలోనికి తెచ్చుట మతము చేయవలసిన పని. అది భజనగ రానక్కఱలేదు. మౌనముగ వచ్చినను చాలును.

మన మారిషసులో నవంబరు 2వ తేదీ ఒప్పంద కార్మికులు దిగిన దినము. 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైన ఆప్రవాసీ ఘాట్ మెట్ల వద్ద ఆనాడు మంత్రులు, సకల మతముల గురువులు నిలుచుందురు. అదే దినమున క్రైస్తవ సోదరులు తమ మృతుల సమాధులకు పూలు పట్టుకొని పోవుదురు. సభలో ఎన్ని ఉపన్యాసములు వింటిమో! నాలుగున్నర లక్షలకు పైగా మెట్లెక్కిరి అందురు. వారిలో ఒక్కని పేరైనను పూర్తిగ చదువగ నేను విని యెఱుగను.

దోహానుండి తిరిగివచ్చిన సంవత్సరము మా గ్రామమున ఒక చిన్న ప్రయత్నము చేసితిమి. వలస రికార్డులు మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. మా తోటకు వచ్చిన తెలుగువారి పేర్లు పది వ్రాసికొని, ఉపన్యాసములకు ముందే, పేరు, తండ్రి పేరు, ఊరు చదివితిమి. ప్రతి పేరునకు ఒకరు లేచి నిలిచిరి. ఏ మతమువారో అడుగలేదు. ఆ పదింటి వెంట ఆ కరీంనగరపు యువకుని పేరును చదివితిమి. దానిని అచ్చువేయుటకు అతని యింటివారిని అడుగలేదు గనుక ఇక్కడ వ్రాయుటలేదు.

ఎనిమిదవ పేరు వద్ద చిక్కు వచ్చినది. తండ్రి పేరు ఉన్నది, నంబరు ఉన్నది, ఊరి పేరును నాటి గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసికొనెను. అది పిఠాపురము దగ్గఱదో, శ్రీకాకుళము దగ్గఱదో మాకెవరికిని తెలియలేదు. చదువుచున్న బాలిక ఆగిపోయినది. ''ఎట్లున్నదో అట్లే చదువు తల్లీ'' అంటిని. అక్షరము వెంట అక్షరము కూడబలికి చదివినది. మేము నీరు విడిచితిమి.