గుడ్డు పెంకు చెప్పిన సాక్ష్యము

పొదుగుకోడి క్రింద గుడ్డు మురిగిపోయినయెడల దానిని పెంటకుప్పపై పారవేయుదుము. అట్టి పెంకులో ఏమి మిగిలియున్నదని ఎవరడుగుదురు? అయితే స్కాట్లండు దేశమందలి అబర్డీను విశ్వవిద్యాలయపు మ్యూజియములో ఒక గుడ్డు పెంకు ఏండ్ల తరబడి దాచబడియుండెను. 1917లో కోలారు ప్రాంతమున సేకరింపబడిన ఆ గుడ్డు కలివికోడిదా కాదా యని నిశ్చయముగా తేల్చుటకు ఆనాడు సాధనము లేదు.

కలివికోడి మన రాష్ట్రపు పక్షియే. కడప జిల్లా ముళ్లపొదల నడుమ రాత్రివేళ నేలమీద పరుగులిడుచు పురుగులను తినును. 1900లో అనంతపురము ప్రాంతమున దానిని చూచినవారు హోవర్డ్ కాంప్‌బెల్ దొరగారు. వారు లండన్ మిషను సేవకులు. పిమ్మట 86 సంవత్సరములు దాని జాడ లేదు. అంతరించెననియే తలంచిరి. 1986లో కడప జిల్లా గ్రామస్థుడొకడు దానిని పట్టి తెచ్చెను. పాపము, ఆ పక్షి బ్రదుకలేదు.

ప్రతి జీవి కణములందును డి.ఎన్.ఏ. అను సన్నని దారమువంటిది కలదు. తల్లిదండ్రుల పోలికలు బిడ్డకు వచ్చుట దానివలననే. ప్రాణము పోయిన పిమ్మట అది తునుకలగును. వేడిమియు తడియు దానికి శత్రువులు. మన కృష్ణా డెల్టా మాగాణిలో పడిన యెముకయందు అది త్వరగా నశించును, చల్లని పొడిచోట చాలకాలము నిలుచును. విద్వాంసులు ఆ గుడ్డునుండి అట్టి తునుకలను తీసి, ఇంగ్లండు మ్యూజియములోని పాత కలివికోళ్ల కాలివ్రేళ్ల చర్మమునుండి తీసినవాటితో సరిచూచిరి. సరిపోయెను! 2013లో ఆ సంగతి ప్రకటింపబడెను. పూర్వకాలపు ధాన్యపు గింజలను సైతము ఈ విద్య ఇట్లే పరీక్షించుచున్నది.

“దీనివలన మనకేమి లాభమయ్యా?” అని సంఘపెద్ద యొకరు అడుగవచ్చును. అది చెడ్డ ప్రశ్న కాదు. నీరులేక నారు ఎండుట చూచినవాడే అట్లడుగును. శ్రీశైలమునుండి కృష్ణ నీటిని మద్రాసువైపు గొనిపోవు తెలుగుగంగ కాలువ త్రవ్వకము 2005 ప్రాంతమున ఈ పక్షి తిరుగు పొదలలోనికి చొచ్చెను. కొందరు అడ్డుపడగా తుదకు కాలువ దారి మార్చబడెను. విజయవాడ బ్యారేజి నీటితో అన్నము తినుచున్న మనము కాలువలను దూషింపగలమా? దూషింపవలదు. కాని ఆ పెంకును తలంచుకొనుడి. దాని పేరు తెలిసెను, వంశము తెలిసెను. దానిని పొదిగి పిల్లను లేపువారు మాత్రము ఎవరును లేరు. పిచ్చుకను సైతము మరువని తండ్రి, లాభము చూచుకొని ప్రాణులకు చోటిచ్చెనని నేనెక్కడను చదువలేదు. కాలువను వంకర త్రిప్పుట మనుష్యులకు సాధ్యమాయెను. ఆ పక్షికి మరియొక అడవిని ఎవరు చూపగలరు?

2025 ఆగస్టులో, చాల ఏండ్ల మౌనము తరువాత, కలివికోడి కూత మన రాష్ట్రములో మరల వినబడెను. విన్నవారు దానిని రికార్డు చేసికొనిరి.