బిడ్డ మాట ఎవరి సొత్తు?

మా చెల్లెలి కుటుంబం రాయగడలో ఉంటుంది. కొన్నేళ్ల క్రితం పదకొండేళ్ల మేనల్లుడు ఉన్నట్టుండి మాట తగ్గించాడు. తిండి సహించదు, నిద్రలో ఉలిక్కిపడతాడు. అమ్మవారికి మొక్కులయ్యాయి, తాయెత్తూ అయింది. చివరికి కోరాపుట్‌లో ఒక మనస్తత్వ నిపుణుడి దగ్గరికి నేనే తీసుకువెళ్లాను. ఆయనకు తెలుగు రాదు. 1936లో ఒడిశాలో కలిసిన ఈ ప్రాంతంలో మన పిల్లలకు ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి. మావాడు ఒడియాలో పాఠం అప్పజెప్పగలడు గాని బాధ చెప్పుకోలేడు. కనుక నేను దుబాసీనయ్యాను.

"దేనికి భయం?" అని ఆయన అడిగితే వాడు నావైపు తిరిగి, "నాన్నంటే భయం మావయ్యా, రాత్రి తాగొచ్చి అమ్మని కొడతాడు" అన్నాడు. నాకు బావ పరువు గుర్తుకొచ్చింది. "బడిలో మాస్టారంటే భయమట" అని ఒడియాలో చెప్పాను. వాడికి ఒడియా అర్థమవుతుంది. ఆ తర్వాత ఆ గదిలో నోరు విప్పలేదు.

లెడ్జర్లో ఏనాడూ ఒక్క అంకె మార్చని వాణ్ణి, ఒక బిడ్డ మాట మార్చేశాను.

బ్యాంకు న్యాయం చదివినవారికి 1924 నాటి టూర్నియర్ తీర్పు గుర్తుండే ఉంటుంది. కొన్ని మినహాయింపులు తప్ప ఖాతాదారు సంగతులు బ్యాంకు బయటపెట్టకూడదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను చికిత్స పొందేవారికీ అటువంటి గోప్యత హక్కే ఇచ్చింది. పెద్దవాడి విషయంలో ఇది తేలిక. తన కాళ్లతో తాను వస్తాడు, తన మాట తాను చెప్పుకుంటాడు. పిల్లవాణ్ణి తెచ్చేది మనం, ఫీజు కట్టేది మనం. అందుకే "ఏం చెప్పాడండీ?" అని అడగడం మన హక్కనుకుంటాం.

వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ఆటల ద్వారా చికిత్స గురించి పుస్తకం రాసింది. పెద్దలు మాటల్లో చెప్పేది పిల్లలు బొమ్మలతో చెబుతారు. దారి చూపవలసింది బిడ్డే, చికిత్స చేసేవారు వెంట నడవాలి అన్నది ఆమె సూత్రం. నేను ఆ దారికి అడ్డం నిలబడ్డాను.

తల్లిదండ్రులకు తెలియకుండా ఎలా నయమవుతుందని అడగవచ్చు. నిజమే, బిడ్డ తిరిగి వెళ్లేది ఆ ఇంటికే. ప్రాణానికి ముప్పుంటే దాచనూ కూడదు. కాని ఏది చెప్పాలో బిడ్డతో ముందు మాట్లాడుకోవడం వేరు, బిడ్డ వెనక చెప్పెయ్యడం వేరు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని 2014లో రిజర్వు బ్యాంకు అనుమతించింది. డబ్బు విషయంలో ఉంచిన ఆ నమ్మకం దుఃఖం విషయంలో ఉంచలేమా?

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్, 14416 నంబరులో, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. దుబాసీ అవసరం లేని చోటు ఒకటి దొరికిందని సంతోషించాను.

నెల తర్వాత మళ్లీ కోరాపుట్ వెళ్లి, మేనల్లుడి ఎదుటే, వాణ్ణి అడిగి, వాడన్న మాట ఉన్నదున్నట్టు ఒడియాలో చెప్పాను. బావ ఇప్పటికీ నాతో ముభావమే. మేనల్లుడు మాత్రం తిరుగు ప్రయాణంలో బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.